కన్సోల్ కంపెనీలు హార్డ్‌కోర్ గేమర్ మనసు గెలవగలవా? ఏ ఆటగాడికి ఏ యంత్రం?

స్ట్రీట్ ఫైటర్ 6 అనే ఫైటింగ్ గేమ్ పట్టుదలగా ఆడేవాళ్లకి సెకను అంటే 60 ముక్కలు. ఒక్కో ముక్క, అంటే ఒక్కో ఫ్రేమ్, 16.7 మిల్లీసెకన్లు. అందులోని ర్యూ అనే పాత్ర విసిరే చిన్న గుద్దు నాలుగో ఫ్రేమ్‌కల్లా తగులుతుంది. నొక్కిన బటన్ రెండు ఫ్రేములు ఆలస్యంగా తెర మీదికి వస్తే ఆ గుద్దు వేసీ వేయనట్టే. పక్కన కూర్చుని చూసేవాళ్ల కంటికి ఈ తేడా ఆనదు. ఆడేవాళ్లకి మాత్రం గెలుపోటములు అందులోనే ఉంటాయి. కొత్త కన్సోల్ ప్రకటనల్లో ఈ సంగతి ఎక్కడా కనబడదు, టెరాఫ్లాప్‌లూ (యంత్రం లెక్కలు చేసే వేగానికి కొలత) 8కే బొమ్మలే కనబడతాయి. హార్డ్‌కోర్ గేమర్‌కీ కన్సోల్ కంపెనీలకీ మధ్య ఎడం ఇక్కడే మొదలవుతుందని నా నమ్మకం.

ఏది కొనాలని అడిగితే చాలామంది "ఎక్కువ పవర్ ఉన్నది తీసుకో" అనేస్తారు. నేను ఆ మాట ఒప్పుకోను. హార్డ్‌కోర్ గేమర్లందరూ ఒక్క తీరు కాదు. ర్యాంక్డ్ మ్యాచ్‌లలో పైమెట్టు ఎక్కేదాకా నిద్రపోనివాళ్లు ఉన్నారు. ఇరవై ఏళ్లుగా కొన్న ప్రతి డిస్కూ జాగ్రత్తగా దాచుకుని, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ ఆడాలనుకునేవాళ్లు ఉన్నారు. ఒక్క దెబ్బ కూడా తినకుండా బాస్‌ని, అంటే గేమ్‌లోని పెద్ద శత్రువుని, పడగొట్టేదాకా అదే గదిలో వందసార్లు చచ్చేవాళ్లు ఉన్నారు. గేమ్‌ని విప్పి, మోడ్‌లు (ఆటగాళ్లే తయారుచేసే మార్పులు) వేసి, తమకి కావలసినట్టు మార్చుకుంటే తప్ప తృప్తి పడనివాళ్లూ ఉన్నారు. ఈ నలుగురికీ ఒకే పెట్టె సిఫారసు చేసేవాళ్ల మాట వినకండి. మీరు ఈ నలుగురిలో ఎవరో ముందు తేల్చుకోండి. ఆ తర్వాత ఎంపిక చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

ఇదివరకు ఎవరు గెలిచారు, ఎవరు పోగొట్టుకున్నారు

చేతికి యంత్రం తీసుకునే ముందు దాన్ని చేసిన కంపెనీ గతంలో ఎలా నడుచుకుందో చూడటం నాకు అలవాటు. కన్సోల్ కొనడమంటే ఏడెనిమిదేళ్ల పొత్తు.

సెగా సంగతే తీసుకోండి. దాని కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ 1998లో జపాన్‌లో, 1999 సెప్టెంబరు 9న అమెరికాలో విడుదలైంది. ఆన్‌లైన్ కోసం మోడెమ్ లోపలే ఉండేది. సోల్‌కాలిబర్ లాంటి ఆర్కేడ్ గేమ్ ఇంట్లో అంతకన్నా అందంగా ఆడేది. హార్డ్‌కోర్ గేమర్లు దాన్ని ప్రాణంగా చూసుకున్నారు, ఇప్పటికీ చూసుకుంటున్నారు. అయినా 2001లో సెగా దాని తయారీ ఆపేసి, కన్సోల్ వ్యాపారం నుంచే తప్పుకుంది. డీవీడీలు కూడా ఆడించే ప్లేస్టేషన్ 2 ఆ దెబ్బ కొట్టిందంటారు. అది నిజమే, కానీ సగమే నిజం. మిగతా సగం అంతకుముందే జరిగిపోయింది. 1994లో 32ఎక్స్ అనే అదనపు పరికరాన్ని అమ్మి, కొద్దికాలానికే దాన్ని గాలికొదిలేసింది. 1995 మేలో సాటర్న్ అనే కన్సోల్‌ని అమెరికాలో చెప్పిన తేదీ కన్నా నాలుగు నెలలు ముందే హఠాత్తుగా అమ్మకానికి పెట్టింది. గేములు చేసేవాళ్లు సిద్ధంగా లేరు, దుకాణాలు సిద్ధంగా లేవు. అలా రెండుసార్లు చేతులు కాల్చుకున్నవాళ్లు మూడోసారి ఎంత మంచి యంత్రం వచ్చినా వెనకాడారు.

నింటెండోది ఇంకో కథ. 2006లో వచ్చిన వీ అనే కన్సోల్ 10 కోట్లకు పైగా అమ్ముడైంది. ఎప్పుడూ గేములు ఆడనివాళ్లని ఆడించింది, అది చిన్న విషయం కాదు. కానీ తోటి కన్సోళ్లు హెచ్‌డీకి వెళ్లిన కాలంలో అది 480 లైన్ల దగ్గరే ఉండిపోయింది. గట్టిగా ఆడేవాళ్లు పక్క కన్సోళ్లకి తరలిపోయారు. 2012లో వీ యూతో వాళ్లని వెనక్కి పిలవాలని నింటెండో చూసింది. మొదట్లో ఇతర కంపెనీల పెద్ద గేములు కొన్ని వచ్చాయి, కొన్నాళ్లకే ఆగిపోయాయి. చివరికి అమ్ముడైనవి దాదాపు కోటీ 36 లక్షలు. ఆటగాళ్ల చుట్టాలనీ పిల్లలనీ గెలుచుకున్నంత తేలిగ్గా అసలు ఆటగాళ్లని గెలుచుకోవడం కుదరలేదు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది మైక్రోసాఫ్ట్ కథ. 2002లో ఎక్స్‌బాక్స్ లైవ్ తెచ్చింది. 2004లో హేలో 2 వచ్చి, ఆన్‌లైన్‌లో మన స్థాయి వాళ్లతోనే జత కట్టించే పద్ధతిని కన్సోల్ మీద స్థిరపరిచింది. ఎక్స్‌బాక్స్ 360లో ఎర్ర వలయం వెలిగి యంత్రాలు చచ్చిపోతుంటే, 2007లో ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు నెత్తిన వేసుకుంది. ఆటగాళ్లు క్షమించారు. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌ని ప్రకటించేటప్పుడు మాత్రం 24 గంటలకోసారి ఇంటర్నెట్‌కి కలపాలంది, వాడిన డిస్కులు చేతులు మారడానికి ఆంక్షలు పెడతానంది, కినెక్ట్ అనే కెమెరా తప్పనిసరి అంది. గొడవ జరిగాక ఇంటర్నెట్, డిస్కుల నియమాలని జూన్‌లోనే వెనక్కి తీసుకుంది, కినెక్ట్ నియమాన్ని ఆగస్టులో సడలించింది, యంత్రం నవంబరులో గానీ రాలేదు. అయినా ఆ తరం మొత్తంలో కోలుకోలేదు. యంత్రం చెడిపోతే ఓర్చుకున్నవాళ్లు, "నువ్వు కొన్నది పూర్తిగా నీది కాదు" అన్న మాటని ఓర్చుకోలేకపోయారు.

కొనేటప్పుడు నేను చూసే కొలత అప్పటినుంచీ ఇదే: నేను గడిపే వందల గంటలకీ, నేను కొన్న గేములకీ ఈ కంపెనీ ఎంత విలువ ఇస్తుంది?

ప్లేస్టేషన్ 5, ప్రో

సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) 2020 నవంబరులో వచ్చింది. కాగితం మీద లెక్క 10.28 టెరాఫ్లాప్‌లు, ప్రత్యర్థి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కన్నా తక్కువ. ఆచరణలో చాలా గేములు రెండింటి మీదా ఇంచుమించు ఒకేలా నడిచాయి. సెకనుకి 5.5 గిగాబైట్లు చదివే ఎస్‌ఎస్‌డీ (గేములు దాచే వేగమైన డ్రైవ్) అసలు మార్పు తెచ్చింది. బాస్ చేతిలో చచ్చి మళ్లీ లేచేదాకా పట్టే సమయం కరిగిపోయింది. వందసార్లు చచ్చేవాళ్లకి ఇదెంత ఊరటో వాళ్లకే తెలుసు. స్టోరేజీ నిండితే బజారులో దొరికే మామూలు ఎం.2 ఎస్‌ఎస్‌డీ కొని బిగించుకోవచ్చు, వేగం సరిపోతే చాలు. ఈ విషయంలో సోనీ ఆటగాళ్లని నమ్మింది.

ఫైటింగ్ గేములు ప్రాణమైతే నా ఓటు దీనికే. వాటికి అతిపెద్ద పండగైన ఈవోని 2021లో సోనీ మరో సంస్థతో కలిసి కొనుక్కుంది, తర్వాత తన వాటా వదులుకుంది. ఎవరు యజమానులైనా, పెద్ద టోర్నమెంట్లలో వేదిక మీద పీఎస్5 ఉండటం మామూలైపోయింది. రేపు పోటీకి వెళ్లేవాళ్లు ఈరోజు అదే యంత్రం మీద సాధన చేయడం మంచిది. ఆర్కేడ్ స్టిక్ కొనేటప్పుడు మాత్రం అది పీఎస్4కా, పీఎస్5కా, రెండింటికీనా అన్నది పెట్టె మీద చదివి మరీ కొనండి. పాతవి అన్ని కొత్త గేముల్లోనూ పనిచేయవు.

ఇక లోటుపాట్లు. పీఎస్4 గేములు దాదాపు అన్నీ ఆడతాయి. పీఎస్3 గేములు మాత్రం స్ట్రీమింగ్ ద్వారానే, డిస్కు పెడితే ఆడవు. పీఎస్3లో వాడిన సెల్ ప్రాసెసర్ అంత విచిత్రంగా ఉండటం అందుకు ఒక కారణం. నన్ను ఎక్కువగా కుదిపేది బ్లడ్‌బోర్న్. 2015 గేమ్. హార్డ్‌కోర్ ఆటగాళ్లని ప్లేస్టేషన్ వైపు లాగిన గేముల్లో మొదటి వరసలో ఉంటుంది. ఇంత శక్తిమంతమైన యంత్రం మీద కూడా అది సెకనుకి 30 ఫ్రేముల దగ్గరే కట్టేసి ఉంది. ఇన్నేళ్లుగా అభిమానులు వేడుకుంటూనే ఉన్నారు. అదే స్టూడియో తీసిన ఎల్డెన్ రింగ్ విషయంలో ఆటగాళ్లే దారి కనిపెట్టారు. పీఎస్5 మీద పీఎస్4 వెర్షన్ పెట్టుకుని ఆడితే 60 ఫ్రేములు చాలా స్థిరంగా వస్తాయి. బొమ్మ కాస్త తగ్గుతుంది, చెయ్యి మాత్రం తేలికవుతుంది. నేనైతే అలాగే ఆడమంటాను.

2024 నవంబరులో వచ్చిన ప్రోలో గ్రాఫిక్స్ బలం పెరిగింది, స్టోరేజీ 2 టెరాబైట్లు అయింది. నాణ్యతా కావాలి, 60 ఫ్రేములూ కావాలి అనేవాళ్లకి అది నిజంగా పనికొస్తుంది. కానీ డిస్క్ డ్రైవ్ విడిగా కొనాలి, దాన్ని బిగించిన మొదటిసారి ఇంటర్నెట్‌కి కలపాలి. డిస్కులు దాచుకునేవాళ్లు ఈ రెండో మాట దగ్గర ఆగి ఆలోచించుకోవాలి.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్

పాత గేముల్ని ఇంత శ్రద్ధగా చూసుకున్న కంపెనీ ఇంకొకటి లేదు. అసలు ఎక్స్‌బాక్స్, 360 కాలాల గేములు 600కు పైగా ఇందులో ఆడతాయి. మీ దగ్గర పాత డిస్కు ఉండి, గేమ్ ఆ జాబితాలో ఉంటే సిరీస్ ఎక్స్‌లో పెట్టండి చాలు, మళ్లీ కొనక్కర్లేదు. ఎక్స్‌బాక్స్ వన్ గేములు కినెక్ట్ తప్పనిసరి అయినవి తప్ప అన్నీ ఆడతాయి. పాత గేముల్లో కొన్నిటి ఫ్రేమ్ రేటుని గేమ్ కోడ్ ముట్టుకోకుండానే రెట్టింపు చేసే సదుపాయం 2021లో వచ్చింది. బ్లడ్‌బోర్న్ అభిమానులు పడుతున్న బాధతో పోల్చి చూస్తే ఈ పని విలువ తెలుస్తుంది. నాలుగైదు గేముల్ని ఆపిన చోటే నిలిపి, ఒకదాన్నుంచి ఇంకోదానికి సెకన్లలో దూకే క్విక్ రెజ్యూమ్‌కి ఒకసారి అలవాటు పడితే అది లేని యంత్రం మీద ఊపిరాడదు. మౌస్, కీబోర్డ్‌లకి 2018 నవంబరులోనే తలుపు తెరిచారు, అయితే ఒక్కో గేమ్ చేసినవాళ్లు ఒప్పుకుంటేనే.

మరి ఇన్ని చేసీ ఎందుకు వెనకబడింది? ఈ యంత్రాన్నే ఎందుకు కొనాలన్న ప్రశ్నకి జవాబుని కంపెనీయే ఒక్కొక్కటిగా జారవిడిచింది. 2024లో సీ ఆఫ్ థీవ్స్ లాంటివి ప్లేస్టేషన్‌కి వెళ్లాయి. 2025లో ఫోర్జా హొరైజన్ 5, గేర్స్ ఆఫ్ వార్ వెళ్లాయి. అదే ఏడాది అక్టోబరులో హేలో కూడా వెళ్తుందని ప్రకటన వచ్చింది. ఆ గేములు ఎక్కువమందికి అందడం మంచిదే, నేను సంతోషిస్తాను. కానీ ఎక్స్‌బాక్స్ కొన్నవాళ్లకి తమ పట్టుదలకి దక్కిన ప్రత్యేకత ఏమిటో అర్థం కాకుండా పోయింది. అదే అక్టోబరులో గేమ్ పాస్ అల్టిమేట్ అనే చందా ధర అమెరికాలో ఒకేసారి 50 శాతం పెరిగింది. ఒకటే గేమ్ వెయ్యి గంటలు ఆడేవాళ్లకి వందల గేముల చందా ఎలాగూ పెద్దగా అక్కరకు రాదు. రోజుకో కొత్త గేమ్ రుచి చూసేవాళ్లయితేనే లెక్క కట్టుకుని తీసుకోండి.

స్టోరేజీ పెంచుకోవాలంటే, కొత్త తరం గేముల్ని నేరుగా నడపాలంటే ప్రత్యేకంగా దీనికోసమే చేసిన కార్డు కొనాలి. సిరీస్ ఎస్‌ని హార్డ్‌కోర్ ఆటగాళ్లకి నేను సిఫారసు చేయను. 10 గిగాబైట్ల మెమరీ దాని మెడకి గుదిబండ. బాల్డర్స్ గేట్ 3 ఎక్స్‌బాక్స్‌కి ఆలస్యంగా 2023 డిసెంబరులో వచ్చిందంటే కారణం ఇదే. సిరీస్ ఎస్ మీద ఇద్దరు కలిసి ఒకే తెర మీద ఆడే సదుపాయం లేకుండానే విడుదల చేయాల్సి వచ్చింది.

తర్వాతి యంత్రాన్ని చిప్‌ల కంపెనీ ఏఎమ్‌డీతో కలిసి చేస్తున్నామనీ, ఇప్పటి గేములు అందులోనూ ఆడతాయనీ 2025 జూన్‌లో మైక్రోసాఫ్ట్ చెప్పింది. పాత గేముల విషయంలో ఈ కంపెనీ మాట మీద నిలబడిన చరిత్ర ఉంది కాబట్టి నేను నమ్ముతాను. పాత డిస్కుల పెట్టె ఇంట్లో ఉంటే సిరీస్ ఎక్స్ ఇప్పటికీ దండగ కాదు. అది లేకపోతే కొనమని చెప్పడానికి నాకు బలమైన కారణం కనబడటం లేదు.

స్విచ్ 2

2025 జూన్ 5న వచ్చిన ఈ యంత్రం, వీ యూ తర్వాత గట్టి ఆటగాళ్ల కోసం నింటెండో వేసిన అతి పెద్ద అడుగు. చేతిలో పట్టుకున్నా 120 హెర్ట్జ్ (సెకనుకి 120 ఫ్రేములు చూపగల) తెర, టీవీకి కలిపితే 4కే వరకు, జాయ్‌కాన్ అనే దాని కంట్రోలర్‌ని పక్కకి తిప్పి బల్ల మీద ఆనిస్తే మౌస్. ఎల్డెన్ రింగ్ స్టూడియో చేస్తున్న ది డస్క్‌బ్లడ్స్ ఈ యంత్రానికే ప్రత్యేకం. పాత స్విచ్ మీద 30 ఫ్రేములతో ఈదిన జెల్డా గేమ్ టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ ఇందులో 60కి వెళ్తుంది, దానికి విడిగా డబ్బు కట్టాలి. 256 గిగాబైట్ల స్టోరేజీ త్వరగా నిండిపోతుంది. పాత మైక్రోఎస్‌డీ కార్డులు ఈ యంత్రం గేములకి పనికిరావు, ఎక్స్‌ప్రెస్ రకమే కావాలి. కొన్ని గేముల కార్డులో గేమ్ ఉండనే ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి మాత్రమే ఉంటుంది. అలమరలో దాచుకునేవాళ్లు అట్ట మీద ఆ గుర్తు ఉందేమో చూసుకోండి.

నింటెండోతో ఇంకో చిక్కు ఉంది. 2001 నాటి స్మాష్ బ్రదర్స్ మెలీని ఇప్పటికీ పోటీల్లో ఆడుతున్నారు, చాలాచోట్ల పాత డబ్బా టీవీల మీద, ఆలస్యం ఉండదని. 2020లో అభిమానులే స్లిప్పీ అనే ఉపాయంతో దానికి చక్కటి ఆన్‌లైన్ ఆట సమకూర్చుకున్నారు. అదే ఏడాది నవంబరులో దానితో జరపాల్సిన ఒక పోటీని నింటెండో నోటీసు పంపి ఆపించింది. హక్కులు కంపెనీవే, కాదనను. కానీ ఇరవై ఏళ్లు ఒక గేమ్‌ని బతికించుకున్నవాళ్లు ఇంతకన్నా మన్ననకి తగినవాళ్లు. నింటెండో గేములు కావాలంటే వేరే దారి లేదు, స్విచ్ 2 కొనుక్కోండి, హాయిగా ఆడుకోండి. పోటీలే జీవితం అనుకుంటే మాత్రం ఈ కంపెనీ తీరు తెలిసి అడుగు వేయండి.

పీసీ, స్టీమ్ డెక్

కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2, లీగ్ ఆఫ్ లెజెండ్స్ మీ ప్రపంచమైతే కన్సోళ్ల గురించి చదవడం ఆపేయొచ్చు. అవి అక్కడ లేవు. వాలరెంట్ 2024లో కన్సోళ్లకి వచ్చింది గానీ, పీసీ ఆటగాళ్లతో కలపకుండా విడిగానే ఉంచారు. మౌస్‌కీ స్టిక్‌కీ మధ్య ఎంత తేడా ఉందో ఆ ఒక్క నిర్ణయం చెబుతుంది. మోడ్‌ల విషయం కూడా అంతే. కన్సోళ్లకి 2016లో ఫాలౌట్ 4తో మోడ్‌లు వచ్చాయి గానీ, ప్లేస్టేషన్ మీద బయటి బొమ్మలూ శబ్దాలూ వాడనివ్వలేదు. పీసీ మీద అడ్డు చెప్పేవాళ్లు లేరు. ఆన్‌లైన్ ఆటకి నెలనెలా చందా కూడా లేదు.

బదులుగా పీసీ మీ ఓపికని అడుగుతుంది. షేడర్లు (తెర మీద బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు తయారవుతుంటే గేమ్ ఆగి ఆగి నడుస్తుంది, డ్రైవర్లతో కుస్తీ ఉంటుంది, ఆన్‌లైన్‌లో మోసగాళ్ల బెడద ఎక్కువ. చేతిలో పట్టుకుని ఆడే పీసీ, స్టీమ్ డెక్, 2022లో వచ్చి, ఒంటరిగా ఆడే గేములకి మంచి తోడైంది. అయితే అది నడిచేది లైనక్స్ మీద కాబట్టి ఫోర్ట్‌నైట్, వాలరెంట్ లాంటివి తమ యాంటీ చీట్ (మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్) దగ్గరే ఆగిపోతాయి. 2024లో ఏపెక్స్ లెజెండ్స్ కూడా ఆ తలుపు మూసేసింది.

కొన్నాక

యంత్రానికి పెట్టినంత ఆలోచన చేతిలోని కంట్రోలర్‌కీ ఎదుటి టీవీకీ పెట్టండి. నేను నమ్ముకున్న కంట్రోలర్ ఒకటి, ముట్టుకోకుండానే బొమ్మ పక్కకి జరిగే స్థితికి వచ్చింది. రెండు వారాలు నా చెయ్యే పాడైందనుకుని సాధన చేశాను. స్టిక్ లోపల రాసుకుంటూ అరిగే భాగాలు ఉండటమే దీనికి మూలం. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లకి ఆ అరుగుదల ఉండదు. డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లో అలాంటివే ఉండేవి. ఇన్నేళ్ల తర్వాత కూడా మూడు పెద్ద కంపెనీల మామూలు కంట్రోలర్లలో అవి లేవు, జాయ్‌కాన్ 2లోనూ లేవు. ఆటగాళ్ల మనసు గెలవాలనుకునే కంపెనీ రేపే చేయదగ్గ పని ఇది. అందాకా వేరే కంపెనీలు చేసే హాల్ ఎఫెక్ట్ కంట్రోలర్ చూడండి. సోనీదే కావాలంటే, స్టిక్ భాగాన్ని ఊడదీసి కొత్తది పెట్టుకోగల డ్యుయల్‌సెన్స్ ఎడ్జ్ ఉంది.

టీవీలో గేమ్ మోడ్ పెట్టకపోతే, బొమ్మకి మెరుగులు దిద్దే పనిలో టీవీయే కొన్ని ఫ్రేములు మింగేస్తుంది. గేమ్‌లో 120 హెర్ట్జ్ ఉంటే అది పెట్టుకోండి, ఫ్రేమ్ 8.3 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. టీవీ వెనక ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టులన్నీ 4కేని 120 హెర్ట్జ్‌తో తీసుకోవు, చాలా టీవీల్లో ఒకటో రెండో మాత్రమే తీసుకుంటాయి, వాటిలో ఒకదానికి సౌండ్‌బార్ తగిలించి ఉంటుంది. కన్సోల్ కొనేముందు ఒకసారి టీవీ వెనక్కి వెళ్లి ఆ పోర్టుల పక్కన ఏం రాసి ఉందో చదవండి.